ఇంకొక్కచోట ఆగుదాం

"ఇదేం ప్రయాణంరా! ఇన్ని చోట్ల ఆగుతూ పోతే ఆ ఊరు చేరేసరికి సెలవులు కాస్తా అయిపోతాయి. ఇక పిల్ల తల్లి మొహం చూసేదెప్పుడు?"

అక్క కేకకి మెకానిక్ ఉలిక్కిపడ్డాడు. భోజనాల బల్ల మీద పరిచిన రోడ్డు మ్యాపు మీద అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది. పొద్దంతా బస్సు డిపోలో పనిచేసి వచ్చిన చెయ్యి అది. ఎంత తోమినా వదలని గ్రీజు గోళ్ళ కింద నల్లగా ఉంది. దేశం ఈ కొసనుంచి ఆ కొసలో ఉన్న సముద్రం దాకా పోయే రోడ్డు పొడవునా పెన్సిలుతో చుట్టిన సున్నాలే. ఒకచోట జలపాతం, ఒకచోట సరస్సు, ఇంకోచోట పాత కోట.

"వేసవి కదక్కా. దారిలో చూడాల్సినవి బోలెడున్నాయి. గుడ్డెద్దులా తిన్నగా పోతే ఏం సరదా?"

"నీ సరదా తగలెయ్య! చూడాల్సింది ఆ చివర ఉంది. పిల్ల ఏడాదిగా కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తోంది."

"నాన్ననేం అనకు అత్తా. ఆ సరస్సు నేనే పెట్టమన్నా" అంది పిట్ట.

పన్నెండేళ్ళ పిల్ల. నిద్రలో తప్ప నోరు మూయదని ఇంటిల్లిపాదీ పెట్టుకున్న పేరది. కుర్చీ మీద మోకాళ్ళేసుకుని, బల్ల మీదికి సగం ఎక్కేసి మ్యాపు వెతుకుతోంది.

"నాన్నా, ఇక్కడ ఉప్పుమడులున్నాయట. పొద్దుగూకేటప్పుడు గులాబీరంగులో మెరుస్తాయట. మా టీచరు చెప్పింది."

"చుట్టుదారి అవుతుందే!"

"అయితే ఏం? మన కారేగా. నువ్వేగా డ్రైవరువి."

అతను ఆనందంగా అక్కడో సున్నా చుట్టాడు. పిల్లకి ప్రయాణం మీద ఇంత ఇష్టం పుడుతుందని అతను అనుకోలేదు. గుండెల మీంచి బండ కాస్త పక్కకి జరిగినట్టయింది.

అక్క ఊరుకునే మనిషి కాదు. "ఒకసారి ఇలా రా" అని వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"నిజం చెప్పు. నీ మనసులో ఏముంది? నిన్నొదిలేసి ఇంకొకణ్ణి కట్టుకుందన్న కోపం ఆ పసిదాని మీద తీర్చుకుంటావా? ఆవిడెలాంటిదైనా దానికి తల్లే కదరా!"

అతను వెళ్ళి కొళాయి తిప్పాడు. నీళ్ళు ధారగా పడుతుంటే, ఆ చప్పుడు మాటున నెమ్మదిగా అన్నాడు.

"తనే రావద్దందక్కా."

"ఏంటీ?"

"డిపోకి ఫోన్ చేసింది. ఆ ఇంట్లోవాళ్ళకి తనకో కూతురుందని తెలీదట. ఇప్పుడు చెప్పే ధైర్యం లేదట. తీసుకొస్తే అదెవరో తెలీనట్టే ఉండాల్సొస్తుంది, నన్ను అంత పని చెయ్యనివ్వకు అని ఏడ్చింది."

అక్క చేతిలో ఉన్న గరిటె ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు అటూ ఇటూ చూసింది.

"మరి పిల్లకి చెప్పవా?"

"ఏమని చెప్పను? మీ అమ్మకి నువ్వు అక్కర్లేదమ్మా అని చెప్పనా? నా నోరు పెగలదు. ప్రయాణం మానేద్దామంటే ఎందుకని అడుగుతుంది. అందుకే ఇలా ఆగుతూ ఆగుతూ పోతాం. సెలవులు అయిపోతాయి. ఈసారికి కుదర్లేదు తల్లీ, వచ్చే ఏడు చూద్దాం అంటా."

"వచ్చే ఏడు?"

"వచ్చే ఏడు ఇంకో దారి వెతుకుతా."

కొళాయి కట్టేసి, మొహం మీద ఇన్ని నీళ్ళు చల్లుకుని బయటికొచ్చాడు. వెనకే అక్క వచ్చింది. పిట్ట పక్కన కూర్చుని, ముక్కు ఎగబీలుస్తూ మ్యాపు తన వైపు లాక్కుంది.

"ఇదేంటే ఇక్కడ? గుహలా? గుహలుంటే చూపించకుండా ఎలా పోతాడు మీ నాన్న? పెట్టరా సున్నా!"

పిట్ట అత్త వైపు వింతగా చూసింది. ఇందాకటిదాకా గోల చేసిన మనిషి ఈవిడేనా అన్నట్టు.

గుహల తర్వాత గాలిమరల కొండ చేరింది. కొండ తర్వాత వంతెన. ఇక సున్నాలు పెట్టడానికి మ్యాపులో చోటు లేకుండాపోయింది. అక్క పొయ్యి మీద ఏదో మాడుతోందంటూ లేచి లోపలికి పోయింది. అక్కడ ఏమీ మాడటం లేదని అతనికి తెలుసు. ఏడవడానికే పోయింది.

అతను పెన్సిలు కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"బంగారూ, ఇన్నిచోట్ల ఆగితే... అమ్మ ఊరికి చేరడం కుదురుతుందో లేదో. కుదరకపోతే ఏమీ అనుకోవుగా?"

పిట్ట కుర్చీ దిగి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి అతని చంకలోకి దూరింది. వంటింటి వైపు ఒకసారి చూసింది. తర్వాత అతని చెవి దగ్గర నోరు పెట్టి, అత్తకి వినపడకుండా చెప్పింది.

"నాన్నా, నువ్వు ఏడవనంటే ఒకటి చెప్తా. అమ్మ నాకు ఎప్పుడో ఫోన్ చేసి రావద్దంది. నువ్వేమో అమ్మని చూడాలని ఎంతో ఆశగా ఉన్నావు కదా, నీకెలా చెప్పాలో తెలీక దారిలో ఇన్నిచోట్లు వెతికా."