ఒడిబియ్యం బండి

"లైసెన్సు ఉంటే డ్రైవర్ అయిపోరు. వెనక సీట్ల గమ్మున కూసో," అన్నాడు నగేశ్.

"ఏడాది సంది వెనకనే కూసుంటున్న. ఏం తేడా వచ్చింది, మీ చెయ్యి మెరుగైందా?" అంది స్వప్న.

టేకుమట్ల నుంచి బయలుదేరినప్పటి నుంచీ మొగుడూ పెళ్ళాల మధ్య ఇదే పంచాయితీ. ఇప్పుడు దానికి తోడు తొవ్వ కూడా మూసుకుపోయింది. ముందు వంతెన పని జరుగుతోందని తారురోడ్డుకు అడ్డంగా, వచ్చేటప్పుడు లేని డ్రమ్ములు పెట్టారు. మిగిలింది పత్తిచేల నడుమ బురదబాట, దాని చివర వాగు. నగేశ్ కొన్నది నాలుగు చక్రాలూ లాగే చిన్న ఎస్‌యూవీయే. అయినా స్టేషన్ ఘన్‌పూర్, వరంగల్ రోడ్డు తప్ప ఈ ప్రయాణానికి ముందు దానికి వేరే లోకం చూపించలేదు. ఎక్కడ గీత పడుతుందోనని అతని భయం.

"వాపసు పోదాం. ఇయ్యాల ఐలయ్య మామ ఇంట్లనే ఉందాం," అన్నాడు.

"ఉండుడు లేదు," అంది ముందు సీట్లోని అతని తల్లి సత్తమ్మ. పొద్దున పుట్టింట్లో తమ్ముడు ఐలయ్య ఆడబిడ్డ లాంఛనంగా ఆమె కొంగులో ఒడిబియ్యం పోశాడు. పసుపు బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు మూటగట్టిన కొంగును రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. "దీపాలు పెట్టే యాళ్లకు ఒడిబియ్యం ఇల్లు చేరాలె. అందాక నా కాలు నేలకు తాకొద్దు. ఆచారం."

అక్కను దిగబెట్టడానికి వెంట వచ్చిన ఐలయ్య వెనక సీట్లో నెత్తి గోక్కున్నాడు. "గట్ల నేనెన్నడు ఇనలే అక్కా."

"మొగోళ్ళకు చెప్తరా గివి?"

నగేశ్ పళ్ళు కొరుక్కుంటూ బండిని బురదబాటలోకి దించాడు. రెండు వందల గజాలు పోయిందో లేదో చక్రం దిగబడింది. అతను ఎంత తొక్కితే అంత లోపలికి పోయింది.

"దిగుండ్రి. మీరు నూకుండ్రి, నేను రేస్ ఇస్త."

"నా కాలు కింద పెట్టరాదంటి గద," అంది సత్తమ్మ. "స్వప్న, ఐలయ్య నూకితే కదుల్తదారా? బలమున్నోనివి నువ్వు. దిగు."

"మరి స్టీరింగు?"

సత్తమ్మ ఒడిలోని మూట చూపించింది. "ఇది పట్టుకోవాల్నా, అది పట్టుకోవాల్నా?"

నగేశ్, ఐలయ్య దిగారు. స్వప్న వెనక సీటు నుంచి వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. సీటు ముందుకు జరుపుకుని, గేర్ పక్కన, నాలుగు చక్రాలనూ లాగించే గుండ్రటి మీటను 'లాక్' అని రాసిన వైపుకు తిప్పింది. బండితో వచ్చిన పుస్తకాన్ని ఆమె రెండుసార్లు చదివింది. నగేశ్ దాన్ని కవర్లోంచి కూడా తియ్యలేదు.

"గదెందుకు ముట్టినవ్?" అని అరిచాడు వెనక నుంచి.

"నువ్వు నూకురా," అంది సత్తమ్మ.

స్వప్న మెల్లగా, చాలా మెల్లగా కాలు ఆనించింది. ఒక్క క్షణం బండి వణికింది. తర్వాత నాలుగు చక్రాలూ ఒక్కసారే నేలను పట్టుకున్నాయి. బండి ముందుకు దూకింది. నూకుతున్న నగేశ్ బురదలో బోర్లా పడ్డాడు.

"ఆపు! ఆపు!"

"ఆపకు," అంది సత్తమ్మ నెమ్మదిగా. "ఆపితే మళ్ళ దిగవడుతది."

స్వప్న ఆపలేదు. గుంతలు దాటించి, వాగు ఒడ్డున గట్టినేల వచ్చాకే బ్రేకు వేసింది. పక్క తండా నుంచి వచ్చిన ఒకామె మేకలను వాగులోకి దింపుతోంది.

"అక్కా, నీళ్ళు ఎంతున్నయ్?"

"పిక్కల కాడికే. ఎడమ దిక్కు గుంత ఉన్నది. నా మేకల ఎంబడి రా బిడ్డా."

మేకలు ముందు, బండి వెనక. రాళ్ళ మీద చక్రాలు గలగలలాడాయి. అవతలి గట్టు ఎక్కేటప్పుడు అద్దంలో ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు. స్వప్న స్టీరింగు తిన్నగా పట్టి, కాలు తియ్యకుండా ఎక్కించింది. ఎదురుగా నల్లగా తారురోడ్డు!

"ఎక్కినం అత్తమ్మా! ఎక్కినం!"

"నాకు కండ్లున్నయ్," అంది సత్తమ్మ.

పావుగంటకు మగవాళ్ళిద్దరూ చెప్పులు చేతబట్టుకుని వాగు దాటి వచ్చారు. నగేశ్ బండి చుట్టూ తిరిగి చూశాడు. ఒక్క గీత లేదు. తాళంచెవికి చెయ్యి చాపాడు.

"ఒడిబియ్యం బండికి తొవ్వల చెయ్యి మారొద్దు," అంది సత్తమ్మ.

"గిదొక ఆచారమా!"

"బియ్యం నాయా, నీయా?"

నగేశ్ సీటు మీద పాత పేపరు పరుచుకుని వెనక కూర్చున్నాడు. పరకాల, వరంగల్ దాటించి, పొద్దు గూకే వేళకు స్వప్న బండిని స్టేషన్ ఘన్‌పూర్‌లోని ఇంటి ముందు ఆపింది. ఆమె మామ, సత్తమ్మ భర్త కొమురెల్లి గేటు తీసి నోరు తెరిచాడు. కూతురు హర్షిణి, "మమ్మీ నడిపిందే!" అని గెంతింది.

సత్తమ్మ మూటను దేవుని ముందు పెట్టి, దీపం ముట్టించి, కూర్చుంది. అందరూ చుట్టూ చేరారు.

"ఐదు రోజులకు ఒడిబియ్యం వండుతున్నం," అంది మెల్లగా. "ఎల్లుండి పిలుపు చెప్పెటందుకు నెల్లికుదురుల మన చుట్టం మంగమ్మ ఇంటికి పోవాలె. బండి స్వప్న నడుపుతది. ఇగ ఏ తొవ్వయినా, ఎన్నడైనా గంతే."

"గిది గూడ ఆచారమేనా?" అన్నాడు నగేశ్, మెడ మీది బురద గీక్కుంటూ.

"ఆచారమే బిడ్డా," అంది సత్తమ్మ. "తొవ్వల చెప్పినయి లెక్కనే. అన్నీ ఇయ్యాల నేను పెట్టినయే."