అట్టడుగున ఏంజెల్స్

"రాయవే! కార్డినల్స్‌ది మొదటి స్థానం!" వినిఫ్రెడ్ బల్ల గుద్దింది.

"పోటీలు మొదలై వారమైనా కాలేదు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమట!" సుద్దముక్క పట్టుకున్న లొరెట్టా వెటకారంగా నవ్వింది. "మా కబ్స్‌ని చూసి కుళ్ళుకోవడం తప్ప నీకేం పనిలేదు."

సెయింట్ లూయిస్‌లోని ఆ వంటింట్లో ఏటా ఏప్రిల్లో ఇదే రభస. గోడకున్న నల్లబల్ల మీద బేస్‌బాల్ జట్లన్నిటినీ వరస పెట్టాలి. వినిఫ్రెడ్ ఈ ఊళ్ళోనే పుట్టింది. లొరెట్టాది షికాగో. ఇద్దరికీ డెబ్బై దాటాయి. సొంతూరి జట్టు దగ్గర ఒకరూ తగ్గరు.

మూల స్టూలు మీద కూర్చుని మరీసోల్ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. ఆ ఇంటికి కొత్తగా వచ్చిన పిల్ల. కాలిఫోర్నియా నుంచి చలికాలంలో వచ్చింది. వచ్చినప్పట్నుంచీ పుట్టింటి మీద బెంగే. నోరు విప్పితే 'సరే అక్కా', 'అలాగే అమ్మా' అంతే. ఇంటి పెద్దావిణ్ణి అక్కడందరూ అమ్మా అనే పిలుస్తారు. మొన్న ఆవిడ దగ్గరికి వెళ్ళి, "నావల్ల కావడం లేదమ్మా, వెళ్ళిపోతాను" అని చెప్పేసింది. రేపు పొద్దున్నే బస్సు. పెట్టె కూడా సర్దేసుకుంది.

ఆ సంగతి తెలిసినప్పట్నుంచీ అక్కలిద్దరికీ ముద్ద దిగడం లేదు. పైకి మాత్రం ఎప్పటిలాగే అరుచుకుంటున్నారు.

"మరి అట్టడుగున ఎవరు?" అడిగింది వినిఫ్రెడ్.

"ఇంకెవరు, ఆ కాలిఫోర్నియా ఏంజెల్స్!" లొరెట్టా ఓరకంట మూలకి చూసింది. "వాళ్ళకి ఆట కన్నా కునుకు ముఖ్యం."

చాకు ఆగిపోయింది.

"అన్యాయం అక్కా!"

మరీసోల్ లేచి నిలబడింది. చెంపలు ఎర్రగా కందిపోయాయి. "మా కొత్త కుర్రాడు బంతి విసరడం ఎప్పుడైనా చూశారా? అతను విసురుతుంటే మా తాతయ్య నోట్లో వేరుశనగ పలుకు నమలడం కూడా మర్చిపోతాడు!"

"కబుర్లెందుకే, విసిరి చూపించు" అంది వినిఫ్రెడ్.

మరీసోల్ ఓ దుంప అందుకుని ఎడమకాలు పైకెత్తింది. లొరెట్టా గబగబా పెద్ద గరిటె లాక్కుని ఎదురుగా నిలబడింది. "రావే రా! షికాగో దెబ్బ చూద్దువుగాని!"

దుంప దూసుకొచ్చింది. గరిటె ఠంగుమంది. కిటికీ అద్దం భళ్ళుమంది.

లొరెట్టా బట్టలు ఎత్తిపట్టుకుని బల్ల చుట్టూ పరుగందుకుంది. "అవుట్! అవుట్!" అంటూ వినిఫ్రెడ్ పిడికిలి ఊపుతూ వెంటపడింది. మరీసోల్ పొట్ట పట్టుకుని నేల మీద కూలబడింది. ఆ పిల్ల నవ్వు ఎలా ఉంటుందో ఆ ఇంటికి అప్పుడే తెలిసింది.

గుమ్మంలో అమ్మ.

ముగ్గురూ బిగుసుకుపోయారు. అమ్మ పగిలిన అద్దాన్ని చూసింది. దొర్లిన దుంపల్ని చూసింది.

"విసిరిందెవరు?"

"నేనే... అమ్మా."

"మోచెయ్యి జారింది. ఇంకాస్త పైకి లేపాలి."

వినిఫ్రెడ్ కిసుక్కుమంది. అమ్మ గొంతు తగ్గించి అడిగింది. "మరి రేపటి బస్సు మాటేమిటి?"

మరీసోల్ నల్లబల్ల వైపు చూసింది. కళ్ళు తుడుచుకుంది. "మా జట్టుని అడుగున పడేసి ఎలా పోతానమ్మా? వీళ్ళిద్దరి సంగతీ తేల్చుకోవాలి!"

"తేల్చుకుందువుగాని, నువ్వుంటే చాలు!" లొరెట్టా దాన్ని గట్టిగా వాటేసుకుంది. వినిఫ్రెడ్ గరిటెతో గిన్నె మీద దరువు మొదలెట్టింది.

అంతలో ప్రార్థన గంట మోగడంతో, ఆ కన్యాస్త్రీలు నలుగురూ ముసుగులు సర్దుకుని, జపమాలలు చేతబట్టి, పెదవి విప్పకుండా మఠంలోని గుడివైపు బారులు తీరారు.