మందు కొట్టని తోట

సూదిలో దారం ఎక్కడం లేదు. కళ్లు మూసుకుని ఎక్కించే మనిషి, మూడుసార్లు కొస తడిచేసుకున్నా ఎక్కించలేకపోయాడు టైలరు. కళ్లకేం దోషం లేదు. దోషమంతా పైన వంటింట్లో ఉడుకుతున్న క్యారెట్‌ది.

కూతురు ఆర్నెల్ల పాపను ఎత్తుకుని నిన్ననే వచ్చింది. ఇక పాలతో పాటు మెత్తటి తిండి మొదలుపెట్టొచ్చని డాక్టరు చెప్పిందట. ఇంకేం, అమ్మమ్మ చంకలు గుద్దుకుంది.

"నా మనవరాలి నోట్లో పడే మొదటి ముద్ద నా తోటదే అవ్వాలి. పురుగుమందు కొట్టిన బజారు తిండి తాకనిస్తానా?"

ఆ మాట వినలేక టైలరు తేలు కుట్టిన దొంగలా కిందికి దిగొచ్చి, కొట్లో మిషను ముందు కూర్చున్నాడు.

తోటంటే మేడ మీద కుండీలే. కానీ ఆ ఇంట్లో ఉండే అన్ని వాటాలవాళ్లకీ ఆవిడ తోటమ్మ. అంతకుముందు టైలరు గారి భార్య, అంతే. పొద్దున్నే నడకకి వెళ్లేది. తిరిగొచ్చి సరాసరి మేడెక్కి, బుట్ట నిండా కూరగాయలతో దిగేది. ఇంకెవర్నీ కోయనిచ్చేది కాదు. పరాయి చెయ్యి పడితే మొక్క ముడుచుకుంటుందట. ఇంటికి సరిపడా ఉంచుకుని, మిగిలినవి నలుగురికీ పంచేది.

"నాలుక మీద పెడితే చాలండీ, మందు కొట్టిందో లేదో చెప్పేస్తాను. ఇది అమృతం!" అనేవాడు పక్క వాటా లెక్కల మాస్టారు, ఆవిడిచ్చిన టమాటా కొరుక్కుంటూ.

పైవాటా ఆవిడకైతే మోకాళ్ల నొప్పులే పోయాయి. "అంతా మీ ఆవిడ చేతి చలవ" అంటూ ఓ రోజు టైలరుకి రెండు చేతులెత్తి దండం పెట్టింది. ఆ దండానికి టైలరు సిగ్గుతో చచ్చిపోయాడు.

ఎందుకంటే ఆ తోటకి మందు కొడుతున్నది తనే.

మొదట్లో ఓసారి మేడ మీదికి వెళ్తే, ఆవిడ కుండీల మధ్య కూలబడి, మోకాళ్లలో మొహం దాచుకుని ఏడుస్తోంది. ఆకుల నిండా పురుగు. ఒక్క పిందె మిగల్లేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ నోరు తెరిచి అడిగినవి ఆ కుండీలే. చూడలేకపోయాడు మహానుభావుడు. విత్తనాల కొట్టుకి పోయి చిన్న డబ్బా తెచ్చాడు.

"కొట్టాక వారం దాకా కాయ కోయకూడదు, గుర్తుంచుకో" అని కొట్టువాడు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

ఇస్త్రీకి ముందు బట్టల మీద నీళ్లు చల్లే సీసాలో మందు కలిపేవాడు. ఆవిడ నడకకి వెళ్లగానే ముక్కుకి గుడ్డ కట్టుకుని మేడెక్కి, ఆకుల వంక సరిగ్గా చూడనైనా చూడకుండా గబగబా చల్లేసి దిగొచ్చేవాడు. పురుగు పోయింది. ఆ తర్వాతే బుట్ట నిండడం మొదలైంది. ఆవిడ మొహం కళకళలాడింది. అది చూశాక నోరు పెగుల్తుందా? వారం ఆగి కోయమని ఏ ముఖంతో చెబుతాడు?

మాస్టారు మందు మాట ఎత్తినప్పుడల్లా, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఇస్త్రీబల్ల కింద సీసా కనబడుతోందేమోనని వంగి చూసుకునేవాడు. సరే, పెద్దవాళ్లు తిన్నారు, తనూ తిన్నాడు, అరిగించుకున్నారు. కానీ పసిగుడ్డు! ఛీ, నాదీ ఒక బతుకేనా అనుకున్నాడు.

"నాన్నా, రా! పాపకి తినిపిస్తున్నాం!" కూతురు పైనుంచి కేకేసింది.

టైలరు మెట్లమీద పరుగెత్తాడు. మాస్టారూ, పైవాటా ఆవిడా అప్పటికే వేడుక చూడ్డానికి వచ్చి కూర్చున్నారు. పాప కూతురి ఒళ్లో ఉంది. తోటమ్మ చేతిలో చెంచా ఉంది.

"ఆగు! పెట్టకు!" అని అరిచి, చెంచా లాగేసుకున్నాడు టైలరు. క్యారెట్ ముద్ద నేలమీద పడింది. "దానికి మందు కొట్టాను. తోటంతటికీ నేనే కొడుతున్నాను. మొదట్నుంచీ."

వాటాలవాళ్లిద్దరూ ఒక్కసారిగా విరుచుకుపడ్డారు.

"అదీ సంగతి! రాత్రి నుంచీ కడుపులో ఒకటే తిప్పడం!" మాస్టారు పొట్ట పట్టుకున్నాడు.

"అమ్మో, నా మోకాళ్లు! మళ్లీ మొదలయ్యాయమ్మా!" పైవాటా ఆవిడ లేచినదల్లా కూలబడింది. "నమ్మి తిన్నందుకు మా నోట్లో విషం పోస్తారా? మీకు చేతులెలా వచ్చాయండీ?"

కూతురు పాపని గుండెలకి అదుముకుని, తండ్రికి దూరంగా జరిగి కూర్చుంది. ఆ జరగడంతో టైలరుకి తల కొట్టేసినట్టయింది. తల వంచుకుని అందరి తిట్లూ పడ్డాడు. చివరికి భార్య వైపు తిరిగాడు.

"నువ్వూ తిట్టవే. పడతాను. నీ పరువు గంగలో కలిపాను."

తోటమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. కింద పడ్డ ముద్దని తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. మాస్టారు ఇంకో మాట అనబోతుంటే, తలెత్తకుండానే చెయ్యెత్తి ఆపింది.

"ఆయన్నేమీ అనకండి, అన్నయ్యగారూ" అంది. "మందు కొట్టినా కొట్టకపోయినా ఆ కుండీల్లో ఏనాడూ గుప్పెడు కాయలు కాయలేదు, ఇన్నాళ్లూ మీరంతా తిన్నవి రోజూ నడకకని వెళ్లి నేను బజార్లో కొనుక్కొచ్చినవే."