ఎక్కడున్నారు?

సరిహద్దు దాటి సొంత రాష్ట్రం ఒహాయోలోకి రాగానే లారీ డ్రైవర్ లోయెల్ బండి పక్కకి తీసి ఆపాడు. ఫోన్లో కౌన్సెలింగ్‌కి ఇవాళే మొదటిరోజు. ఆ గంటసేపూ సొంత రాష్ట్రంలో ఉంటేనే ఇన్సూరెన్సు వర్తిస్తుందట. లేకపోతే నూట ఎనభై డాలర్లూ చేతినుంచి పెట్టుకోవాలి.

ఫోన్ తెరమీద కౌన్సెలర్ కనిపించింది. "లోయెల్ గారూ, ఇప్పుడెక్కడున్నారు?"

అతను స్టీరింగు మీదున్న తన చేతులకేసి చూసుకున్నాడు.

"వినపడుతోందా? ఏం లేదండీ, ఇన్సూరెన్సు వాళ్లకోసం అందర్నీ ముందు ఇదే అడుగుతాం."

"తెలుసమ్మా, వాళ్లు చెప్పారు." లోయెల్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "మా ఆవిడ ఉన్నన్నాళ్లూ రోజూ ఈ టైముకి ఫోన్‌చేసి ఇదే అడిగేది. ఆమె పోయాక మళ్లీ ఆ మాట అడిగింది మీరే."

టోపీ మళ్లీ తలమీద పెట్టుకున్నాడు.

"ఇంకోసారి అడుగుతారా? ఈసారి చెప్తాను."