బదనిక ఇంటికొచ్చిన చుట్టం

ఒక మామిడికొమ్మ మీద బదనిక ఉండేది. నేలలో వేరన్నది లేకుండా, కొమ్మలోకే వేళ్లు దించి చెట్టు రసంతో ఏపుగా పెరిగింది. ఒక వేసవిలో దాని ఆకు కింద పిండినల్లి కాపురం పెట్టింది. ఒళ్లంతా తెల్లటి పిండి పూసుకుని, ఆకులో మూతి గుచ్చి రసం పీల్చడం తప్ప దానికి వేరే పని లేదు.

బదనికకు ఒళ్లు మండింది. పిండినల్లులను తినే అక్షింతల పురుగు అటుగా వస్తే ఆపి, "అన్నా, దీన్ని తినేసి పుణ్యం కట్టుకో" అంది.

అక్షింతల పురుగు జాతీ గోత్రం తేల్చుకోనిదే నోరు పెట్టదు. "ఇలాంటి తెల్లటివి చాలా ఉంటాయమ్మా. గుర్తులు చెప్పు."

"సొంతంగా బతకడం చేతకాదు. పరాయి ఒంట్లో దిగబడి తాగుతుంది. పొమ్మన్నా పోదు."

అక్షింతల పురుగు ఆకు కిందా, కొమ్మ మీదా నింపాదిగా చూసింది. "ఈ గుర్తులకు ఇక్కడ ఇద్దరు సరిపోతున్నారే."

పదకొండేళ్లుగా నోరు మెదపని మామిడిచెట్టు అప్పుడు అంది. "పెద్దదానితో మొదలుపెట్టు నాయనా."

బదనిక గబుక్కున ఆకు వంచి పిండినల్లిని కప్పేసింది. "పొరబడ్డాను అన్నా. ఇది మా చుట్టమే."

"చుట్టాల మధ్యకు నేనెందుకు" అంటూ అక్షింతల పురుగు ఎగిరిపోయింది.

ఆకు కింద నుంచి పిండినల్లి గొంతు తీయగా వినిపించింది. "అయితే అత్తా, ఎల్లుండికి నా గుడ్లు పగులుతాయి. పిల్లలు మూడొందల మందే."