స్పాంజి ముక్క

"లైల్, నీ చేపల తొట్టి ఫిల్టర్లోంచి ఓ స్పాంజి ముక్క కోసివ్వవూ? కొత్త తొట్టి పెడదామనుకుంటున్నా" అంది కొరీన్ ఫోన్లో.

విడిపోయి ఏడాది. ఇన్నాళ్ళకి ఆమె నోరు తెరిచి ఒకటి అడగడం ఇదే మొదలు. లైల్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే అనుమానం పురుగు తొలిచింది.

"ఎవరింట్లో పెడుతున్నావేం?"

"అడక్కుండా ఇవ్వలేవా?"

"అబ్బే, ఊరికే! నేనిప్పుడు అలా లేనుగా, పూర్తిగా మారిపోయా. ఆదివారం రా, తీసి ఉంచుతా."

ఫోన్ పెట్టేశాడో లేదో, రాండల్ కళ్ళ ముందు మెదిలాడు. ఆమె ఆఫీసువాడు. మంచు కురుస్తోందని ఓ సాయంత్రం కార్లో ఇంటిదగ్గర దింపాడు, అంతే. దానికి లైల్ ఆర్నెల్లు సాధించాడు. ఆమె రెండు ఎర్ర పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆమె అద్దె గదిలో తొట్టికి చోటెక్కడిది? ఇంకెవరిల్లు, వాడిదే! ఇద్దరూ సోఫాలో ఆనుకు కూచుని చేపల్ని చూసి మురిసిపోతారు కాబోలు. అదీ నా స్పాంజితో!

కిటుకంతా ఆ జిడ్డు స్పాంజిలోనే ఉంది. చేపల మలినం విషం కాకుండా విరిచేసే మంచి సూక్ష్మజీవులు దాన్నిండా కాపురముంటాయి. ఒక్క ముక్క వేస్తే కొత్త తొట్టిలోనూ అల్లుకుంటాయి. అవి లేకుండా చేపల్ని వదిలితే చావే. కుళాయి నీళ్ళలోని క్లోరిన్ తగిలితే మాత్రం వాటి పని సరి. పెళ్ళైన కొత్తలో కొరీన్‌కి ఇదంతా నేర్పింది లైలే.

ఆదివారం ముక్క కోశాడు. కుళాయి కింద పెట్టి, వేడినీళ్ళు వదిలి, పిండి పిండి కడిగాడు.

"పెంచుకోండి ఇక చేపల్ని!" అనుకున్నాడు కసిగా.

కొరీన్ వచ్చింది. ఒకప్పుడు అతనికిష్టమని వేసుకునే నీలం కోటు వేసుకుంది. ఈ ముస్తాబంతా వాడికోసమే అనుకుని లైల్ పళ్ళు నూరాడు. పైకి మాత్రం నవ్వాడు.

"ఇదిగో, బాగా పట్టిన ముక్క చూసి మరీ కోశా."

ఆమె స్పాంజిని పిండింది. ఒక్క మురికి చుక్క రాలలేదు. వాసన చూసింది.

"కుళాయి కింద కడిగావు కదూ?"

"అంటే... శుభ్రంగా ఉంటుందని..."

ఆమె ముక్కని అతని చేతిలోనే పెట్టి, వెళ్ళి కారెక్కింది.

"కార్లోనే కూచోబెట్టుకొచ్చావా వాణ్ణి?" అంటూ లైల్ వెనకే పరిగెత్తి అద్దంలోంచి తొంగిచూశాడు.

రాండల్ లేడు. వెనక సీట్లో, ఆనాడు ఆమె సర్దుకుపోయిన రెండు ఎర్ర పెట్టెలూ పక్కపక్కనే ఉన్నాయి.