గుండె వయసు

ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు కులం అడగడం నేరమైపోయాక, అందరూ గుండె వయసు అడగడం మొదలుపెట్టారు. ముంజేతి పట్టీ మీద ఆ అంకె కనిపిస్తుంది. దానికి చట్టం అడ్డు చెప్పలేదు.

బానోతు సుజనకు నిండా ముప్పై అయిదేళ్ళు లేవు, పట్టీ మాత్రం యాభై తొమ్మిది చూపిస్తోంది. ఇప్పుడున్న అపార్ట్‌మెంట్లో ఆమె తండా మనిషని తెలిసిన దగ్గర్నుంచి, ఆమె ఎక్కగానే లిఫ్టు ఖాళీ అయిపోతోంది. "ముందు ఆ ఇల్లు మారండి, మందులు తరవాత," అంది డాక్టరమ్మ.

ఇవాళ భర్తతో కలిసి చూడ్డానికి వచ్చిన ఈ ఇంటికి గాలీ వెలుతురూ ఉన్నాయి. ఇంటావిడ అనసూయమ్మకు డెబ్బై దగ్గర పడుతున్నా, పట్టీలో నలభై ఒకటే. ఆవిణ్ణి గడప బయట నిలబెట్టినవాళ్ళు పుట్టలేదు మరి.

"కులం గిలం నాకు పట్టింపు లేదమ్మా," అంది ఆవిడ, సుజన చెయ్యి తిప్పి అంకె చదివి. "ఈ గుండెతో నీకేమన్నా అయితే? తిథీ నక్షత్రం బాగాలేకపోతే ఆర్నెల్లు ఇల్లు పాడుబెట్టాలి."

"బతకడానికే వస్తున్నానండీ."

"నిన్నొచ్చినావిడా అదే అంది. ఏమిటో, మీవాళ్ళందరికీ ఇలాంటి అంకెలే! కాస్త తిండి చూసుకోవాలి తల్లీ."

సుజన పట్టీ గుయ్యిమంది. అంకె అరవైకి ఎక్కింది.

వీధిలోకి వచ్చాక భర్త రాంచందర్ నెమ్మదిగా అన్నాడు: "పక్క సందులో ఇంకోటుందట. చూద్దామా?"

సుజన గేటు పట్టుకుని ఊపిరి కూడదీసుకుంది.

"ఇంకొక్కటి చూశామంటే, ఒక్కడికి సరిపోయే గది వెతుక్కోవచ్చు నువ్వు."